చింతపండుతో తోమిన బిళ్ళ

లవంగ నూనె వాసన తగిలితే నా చేతులు ఒకచోట నిలవవు. మొన్న ఉప్పల్‌లో పంటి డాక్టరు ఆ నూనెలో ముంచిన దూదిని నా నోటి దగ్గరికి తెచ్చేసరికి, నేను కుర్చీ చేతిని బొటనవేలితో గుండ్రంగా రుద్దుతూ కూర్చున్నానట. నొప్పిగా ఉందా అని ఆయన రెండుసార్లు అడిగాడు. నొప్పి పంటిలో లేదు. నాచారంలో మేమున్న రెండు గదుల అద్దె ఇంట్లో, కిటికీ పక్కన బల్ల మీద, పాత బనీను గుడ్డ పరిచి బాపు వరసగా పేర్చుకున్న ఐదు ఇనుప బిళ్ళల దగ్గర ఉంది.

జపాన్ యోధుల కత్తికి పిడికీ అలుగుకీ మధ్య, చెయ్యి జారి పదును మీదికి పోకుండా అరచేతి వెడల్పు బిళ్ళ ఒకటి ఉంటుంది. త్సుబా అంటారు. బాపు ఉప్పల్‌లో ఒక పరిశోధన సంస్థ వర్క్‌షాపులో మెకానిక్. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం కొన్నాడు. అందులో పట్టుతాళ్ళతో కట్టిన కవచాలు, కొమ్ముల శిరస్త్రాణాలు, ఈ బిళ్ళలు ఉన్నాయి. కుట్లు ఊడేదాకా చదివాడు. ఆ తర్వాత జుమ్మేరాత్ బజార్ తుక్కు కుప్పల్లో, అమ్మేవాడికే ఏమిటో తెలియని వస్తువుల మధ్య, ఏళ్ళ తరబడి వెతికి నాలుగు సంపాదించాడు. ఐదోది సైనిక్‌పురిలో మేము సుబేదారు మామ అని పిలిచే పాత సైనికుడిది. బర్మా యుద్ధం నుంచి తెచ్చుకున్నాడు. మీద రెండు తూనీగలు చెక్కి ఉండేవి. ఇది పాతకాలపు కమ్మరి పనో, యుద్ధంలో హడావిడిగా చేసిన ఫ్యాక్టరీ సరుకో తేల్చి చెప్పమని బాపు చేతిలో పెట్టాడు. ప్రతి బిళ్ళ కిందా బాపు ఒక చీటీ పెట్టేవాడు: దొరికిన చోటు, కాలం, దానికి జరిగినవి. రుజువు లేనిది ఆ చీటీ మీదికి ఎక్కడానికి వీల్లేదు.

ఆదివారం మటన్‌లోంచి ఒక ఎముక ఏరి, ఉడికించి, మిద్దె మీద కుక్కలకు అందకుండా ఎండబెట్టి, దాని మొనతో ఎర్ర తుప్పును మాత్రమే గీకేవాడు. కింద ఉన్న నల్లటి పొరను ముట్టేవాడు కాదు. ఆఖర్న లవంగ నూనె చుక్క వేసి బొటనవేలితో గుండ్రంగా రుద్దేవాడు. బిస్కెట్ల కమ్మదనమూ మందుల ఫ్యాక్టరీ ఘాటూ కలిసిన గాలి కిటికీలోంచి వచ్చేది, మౌలాలి వైపు గూడ్సు బండ్లు కూసేవి, పదేళ్ళ నేను ఆయన మోచేతి పక్కన కదలకుండా కూర్చోలేక కాళ్ళూపేదాన్ని. తుప్పు ఇనుముకు రోగమని ఆయన చెప్పాడు. నల్లటి పొరే దాని వయసుకు సాక్ష్యమని కూడా చెప్పే ఉంటాడు. నేను సగమే విన్నాను.

బాపుకు దేవుడు లేడు. నానమ్మకు ప్రతి ఇనుప ముక్కా దేవుడే. దసరా ముందురోజు నవమి నాడు కుట్టుమిషనుకూ, కత్తిపీటకూ, నా జామెట్రీ బాక్సులో వృత్తలేఖినికీ బొట్టు పెట్టేది.

"ఇనుముకు బొట్టెందుకే అమ్మా?"

"ఏడాదంత అన్నం బెట్టే ఇనుమురా. ఒక్కపూట బొట్టు వెడితే నీ సైన్సు సస్తదా?"

ఏటా ఇదే వాదం, ఏటా ఇద్దరూ గెలిచేవాళ్ళు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు అమ్మ పులిహోర కలిపాక గిన్నె నిండా చింతపండు పిప్పి మిగిలింది. దాంతో ఆమె ఇత్తడి చెంబులు తోముతుంటే చూసి నాకు ఇనుము రోగం కుదర్చాలనే ఉత్సాహం పుట్టింది. తూనీగల బిళ్ళ తెచ్చి, పిప్పీ ఇటుక పొడీ వేసి, వేళ్ళు మండేదాకా తోమాను. నల్లటి నీళ్ళు పోయి ఇనుము కొత్త గరిటెలా తెల్లగా తేలింది. తుడిచి బల్ల మీద పెట్టేశాను. మర్నాడు నవమి. మెరుస్తున్న బిళ్ళను చూసి, కొడుకే పూజకని కడిగి పెట్టాడనుకుని నానమ్మ మురిసిపోయింది. దాని మీద పసుపు రాసి కుంకుమ పెట్టింది.

బాపు డ్యూటీ నుంచి వచ్చి చూశాడు. "ఎన్ని ఏండ్ల నలుపో పూజకని గీకిపారేసినవు గదనే అమ్మా. పాతదో కొత్తదో ఇగ ఎవడు జెప్తడు? ఇయాల్టి సంది ఈ ఇంట్ల బొట్టు లేదు, పూజ లేదు."

నానమ్మ నా చేతుల వంక చూసింది. దసరా పొద్దున సంచి సర్దుకుని ఘట్‌కేసర్‌లో మేనత్త ఇంటికి బస్సెక్కింది.

వారం రోజులు నేను బాపు బల్ల దగ్గరికి పోలేదు. మూఢనమ్మకాల మీద బాపు వాక్యాలన్నీ నాకు కంఠతా వచ్చు. వాటిలో ఒక్కటీ నానమ్మను వెనక్కి తేవడానికి పనికిరాలేదు. ఆదివారం ఆయన ఆ బిళ్ళను గుడ్డతో రుద్దుతుంటే చెప్పేశాను.

"బాపూ, నేనే తోమిన."

"ఎందుకు?"

"తుప్పు రోగమన్నవు గద."

ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "నేను పసుపే సూసిన," అన్నాడు. "చెయ్యెవరిదని అడగలే."

అప్పుడే స్కూటర్ తీసి నన్ను వెనక ఎక్కించుకున్నాడు. ఘట్‌కేసర్‌లో నానమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. బాపు చెప్పడం మొదలుపెట్టగానే చేట ఆపకుండా అంది: "పిల్ల సేతులు సింతపండు వాసనొస్తుంటే నాకెర్కలేదా? నువ్వే అడుగుతవని సూసిన."

సంగతి చెబితే సుబేదారు మామ మాత్రం నవ్వేశాడు. "ఇన్నేండ్లు నేను దాన్ని చాయ గ్లాసు మీద మూత పెట్టిన. మీరు తోమిన్రు, అంతే గద." ఉంచుకొమ్మన్నాడు.

నానమ్మ వచ్చేసింది. కానీ మరుసటి నవమికి అన్నిటికీ బొట్టు పెట్టి బాపు బల్లను దాటి వెళ్ళిపోయింది. ఆయన స్పానర్లు తుడిచి అంచున వరసగా పెట్టుకుని, పేపరు అడ్డం పెట్టుకుని, అక్కడే కూర్చున్నాడు. పెట్టమని అడగలేదు. ఆమె ఆగలేదు. నానమ్మ చనిపోయేదాకా ఏటా అంతే.

ఇప్పుడా మిద్దె లేదు, బిస్కెట్ల వాసన లేదు, ఆ స్థలంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. తక్కిన నాలుగు బిళ్ళలు బాపు తర్వాత ఎటు పోయాయో తెలియదు. తూనీగలది నా దగ్గరుంది. చేతి చెమటకు మళ్ళీ గోధుమ రంగుకు తిరిగింది, కానీ ఆ నలుపు రాలేదు. కింద బాపు చీటీ అలాగే ఉంది: "కాలం: తెలియదు. తోమినది: అమ్మ." బాపు అమ్మ అంటే నానమ్మే. ఆ "అమ్మ" మీద అడ్డగీత, పక్కన ఖాళీ. నా పేరు ఆయన రాస్తాడని చిన్నప్పుడు రోజూ తీసి చూసేదాన్ని. పెద్దయ్యాక పత్రికల్లో ఎంతోమంది అంధవిశ్వాసాల మీద పేర్లు పెట్టి మరీ రాసిన నేను ఆ ఖాళీని మాత్రం ఇన్నేళ్ళు ముట్టలేదు.

మొన్న పంటి డాక్టరు దగ్గర నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే, ఆ ఖాళీలో నా పేరు రాశాను.