సగం ఇంజనుతో నడిచిన పెళ్లి కారు

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తలో, మా చిన్నమ్మను అత్తగారింటికి తీసుకుపోయే కారులో నన్ను తోడు కూర్చోబెట్టారు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలందరికీ నేనే పెద్దదాన్ని. వాళ్లు ఏదైనా చెప్పమని చుట్టూ చేరితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ కారే.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో కార్లు బాగుచేసే ఒక సర్వీసు సెంటర్‌లో పని చేసేది. ఆమెను చేసుకున్న మా చిన్నాయిన నల్లగొండ దగ్గరి ఊరివాడు. పెళ్లి పొద్దున్నే చౌటుప్పల్‌లో మా ఇంటి ముందు పందిట్లో అయిపోయింది. భోజనాలయ్యాక అప్పగింతలు జరిగాయి. మగపెళ్లివాళ్ల బస్సు ముందే బయల్దేరింది. చిన్నాయిన దోస్తు ఒకతను ఆ ఒక్కరోజు కోసం తన స్పోర్ట్స్ కారు ఇచ్చాడు. ఎర్రగా, నేలకు ఆనుకున్నట్టు ఉండే కారు. రెండే తలుపులు. వెనక సీటు పేరుకే ఉంది, చిన్నపిల్ల తప్ప ఇంకెవరూ పట్టరు. అందుకే నన్ను పంపారు. అక్కడ ఏడవొద్దని, ఏదీ అడగొద్దని, ఎవరికీ అడ్డం రావొద్దని మా అమ్మ మరీమరీ చెప్పి ఎక్కించింది.

ఊరు దాటేదాకా నాకు సంబరంగానే ఉంది. హైవే ఎక్కి కొంత దూరం పోయాక కారు ఒక్కసారి కుదిపింది. ఆ తర్వాత వణుకు ఆగలేదు. అంతదాకా గుర్రుమన్న చప్పుడు తెగితెగి రాసాగింది. చిన్నాయిన ఎంత తొక్కినా కారు లాగడం లేదు. వెనక నుంచి వచ్చే లారీలు హారన్లు కొడుతూ మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. లోపల పెట్రోలు వాసన, దాంతోపాటు కుళ్లిన కోడిగుడ్డు లాంటి ఇంకో వాసన.

చిన్నమ్మ తలవంచుకునే మెల్లగా చెప్పింది. "జర పక్కకు ఆపుండ్రి. ఇంజను సగమే నడుస్తాంది."

"ఎంత దూరముంది ఇంక? చిట్యాల దాటితే అయిపాయె. ఇంటికాడ అందరు ఎదురుచూస్తాండ్రు," అన్నాడు చిన్నాయిన. గొంతులో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. ఆయన కోపం ఎట్లా ఉంటుందో అప్పటికి మాకెవరికీ తెలియదు. చిన్నమ్మకు కూడా తెలియదు. ఆమె చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకోవడం సీట్ల సందులోంచి నాకు కనపడింది.

అప్పుడే నా కాలి కింద వెచ్చబడింది. కాసేపటికి అది వేడైంది. కాలు పైకి తీసుకుందామంటే ఆ సీట్లో జాగా లేదు. నా వైపు తలుపూ లేదు, కిటికీ తెరుచుకోదు. ముందు సీటు వంగితే తప్ప నేను బయటపడలేను. అమ్మ మాట గుర్తొచ్చి ఏడుపు లోపలే మింగాను. ఇంకాస్త సేపైతే కొత్త పట్టులంగాకు నిప్పంటుకుంటుందని నాకు గట్టిగా అనిపించింది. చివరికి నాకే వినపడనంత చిన్నగా అన్నాను.

"చిన్నమ్మా, కాలు కాలుతాంది."

ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. ఊరుకో అంటుందనుకున్నాను. ఆమె నా కళ్లలోకి చూసి అడిగింది. "ఏ కాలు బిడ్డా?"

"కుడి కాలు."

"ఎడమది?"

ఎడమ కాలు సంగతి అప్పటిదాకా నేను చూసుకోలేదు. "చల్లగనే ఉంది."

"అరికాలా, మడమా?"

"మొత్తం. చెప్పు కింద నుంచి వస్తాంది."

ఒక్కొక్కటి చెబుతుంటే నా భయం కొంచెం తగ్గింది. చిన్నమ్మ చిన్నాయిన వైపు తిరిగి, ఈసారి తల ఎత్తే చెప్పింది. "ఆపుండ్రి."

చిన్నాయిన ఆపాడు. కాని తారు దిగి, పక్కన ఎండిన గడ్డి మీద ఆపాడు. చిన్నమ్మ దిగి తన సీటు వంచబోయింది. ఎక్కడ నొక్కాలో ఇద్దరికీ తెలియదు. అది కదలడం లేదు. ఇంతలో కిటికీ అవతల సన్నగా పొగ లేచింది. ఆ క్షణాన నాకు పుట్టిన భయం ఇప్పటికీ ఒంట్లో ఎక్కడో ఉంది. చిన్నమ్మ సీటును వదిలేసి, దాని మీదుగా వంగి, నా రెండు చంకల కింద చేతులేసి లాగింది. నా కుడి చెప్పు అడుగు మెత్తబడి కింది చాపకు అతుక్కుపోయింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

నన్ను దూరంగా రాయి మీద నిలబెట్టి, "ఇక్కడ్నుంచి కదలకు," అని పరుగెత్తింది. పొగ గడ్డి నుంచే వస్తోంది. ఇద్దరూ కలిసి కారును తారు మీదికి తోశారు. పట్టుచీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, బాసికం జారిపోతుంటే, లారీలు పోయే రోడ్డు పక్కన మా చిన్నమ్మ కారు తోయడం చూసి నేను బిగ్గరగా ఏడ్చాను. అప్పుడు నన్నెవరూ వద్దనలేదు. చిన్నాయిన నీళ్ల బాటిల్ గడ్డి మీద పోసి, మిగిలిన మంటను బూట్లతో తొక్కాడు.

ఆ తర్వాత చిన్నమ్మ బానెట్ ఎత్తింది. ఇంకో బాటిల్లోంచి నీళ్లు చేత్తో తీసుకుని, ఇంజనుకు ఎడమ పక్కనున్న పొగ గొట్టం మీద చల్లింది. చుయ్యిమని ఆవిరి లేచింది. కుడి పక్క గొట్టం మీద చల్లింది. నీళ్లు చప్పుడు లేకుండా జారిపోయాయి.

"ఆరు సిలిండర్లు. ఎడమ వరస మూడు మండుతున్నయి. కుడి వరస మూడు చచ్చిపోయినయి," అంది. "మండని పెట్రోలంతా పైపుల పడి కింద పోయి మండుతాంది. పిల్ల కాలి కిందనే."

చిన్నాయిన వంగి కారు కిందికి చూశాడు. పైపు ఇంకా ఎర్రగా ఉందన్నాడు. లేచేసరికి ఆయన ముఖం తెల్లబోయింది. కుడి వరసకు నిప్పురవ్వ పుట్టించే తీగను చిన్నమ్మ వేళ్లతో వెతికి పట్టుకుంది. ఎలుక సగం కొరికి వదిలింది, దారిలో కుదుపుకు పూర్తిగా తెగింది. చాలా రోజులు నిలిపి ఉంచిన కారట అది.

"కలిపి కట్టొచ్చా?" అన్నాడు చిన్నాయిన.

"కట్టొచ్చు. కాని కింద ఎంత కాలిందో తెల్వదు. నేను పిల్లను మళ్ల దాంట్ల కూసోబెట్టను."

చిన్నాయిన బానెట్ మూశాడు. ఆయన అరుస్తాడేమోనని నేను రాయి మీదే బిగుసుకుపోయాను. అంతలో ఆయన ఫోన్ మోగింది. వాళ్ల నాయిన. దారిలో ఆగామని చిన్నాయిన చెప్పాడు. అవతలి గొంతు పెద్దగా వినపడుతోంది. ముహూర్తం దాటిపోతుందని, శకునం బాగాలేదని, అమ్మాయి అడుగు పెట్టకముందే ఇదేందని. చిన్నాయిన అంతా విని, "నేనే ఆపిన బాపూ. నాకే భయమైంది. ఆటోల వస్తం," అని పెట్టేశాడు. చిన్నమ్మ ఆయన వంక చూసింది. ఆ చూపు నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

దోస్తుకు ఫోన్ చేసి కారు సంగతి చెప్పి, తాళం పక్క ధాబా ఆయనకిచ్చి, ఆటో ఎక్కాం. గడప దగ్గర చిన్నమ్మ అత్తగారు కోడలి చేతులు చూసింది. గోరింటాకు మీద మసి. తిడుతుందనుకున్నాను. ఆమె హారతి పళ్లెం పక్కవాళ్లకిచ్చి, ఒంటి చెప్పుతో నిలబడ్డ నన్ను ఎత్తుకుంది. నా కుడి పాదం చల్లనీళ్ల బకెట్లో పెట్టి, చుట్టాలందరినీ వాకిట్లోనే కాసేపు నిలబెట్టింది.

ఇప్పుడు నేను నల్లగొండలో ఒక దవాఖానలో నర్సును, పిల్లల వార్డులో పని. సూది చూసి వణికేవాళ్లు, ఊపిరాడక బెదిరిపోయేవాళ్లు, వాళ్ల పక్కన ఏడుపు మింగుకునే తల్లులు, రోజూ చూస్తుంటాను. కొన్నిసార్లు నాకూ భయమే. భయపడొద్దని మాత్రం ఎవరికీ చెప్పను. మంచం అంచున కూర్చుని ఎక్కడ, ఏ పక్క, ఎప్పటినుంచి అని అడుగుతాను. జవాబు వెతుక్కుంటూ వాళ్ల గొంతు మెల్లగా కుదుటపడుతుంది. వింటూ వింటూ నాదీ కుదుటపడుతుంది.