పిడకల మంటలో ట్రాక్టరు టైరు

ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లిన మరుసటేడు నేనొక పాత ట్రాక్టరు కొన్నాను. దాని వెనక చక్రం మా మెట్టకూరు ఇంటి చూరుకంటే జానెడు ఎత్తు. కాలవకి నీళ్లొదిలారు. తెల్లారేసరికి మావగారి చేలో ట్రాక్టరుతో దమ్ము చేసి, నాట్లకి బురద సిద్ధంగా పెడతానని మాటిచ్చాను. సరిగ్గా ఆ రోజే టైరు చిరిగింది.

పాతదాన్ని ఎలాగో గునపాలతో పెకలించాం. కొత్తది మాత్రం చక్రం మీదికి ఎక్కనంది. నేనూ నలుగురు పాలేళ్లూ దానిమీద నిలబడి గెంతితే, మమ్మల్ని కొబ్బరిచెట్ల ఎత్తుకి ఎగరేసిందే గాని లొంగలేదు.

ఎడ్లబండి చక్రాలు చేసే సూరన్న బాబాయిని పిలిచాను. "ఇనప పట్టానే కాల్చి, సాగదీసి ఎక్కిస్తాను. ఈ రబ్బరెంతరా అబ్బాయ్? పిడకలు పట్రా" అన్నాడు. చదువుకున్నవాణ్ణి కదా, నాకూ సబబుగానే తోచింది.

టైరుకింద పిడకలు పేర్చి అంటించాం. కాసేపటికి ఆ పొగకి గోదావరి అవతలి ఒడ్డువాళ్లు కూడా దగ్గారు. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి బిందెడు నీళ్లు గుమ్మరించేసరికి టైరు ఒకవైపు బెల్లప్పాకంలా జారిపోతోంది. అప్పుడే మావగారు వచ్చారు. కళ్లు తుడుచుకుంటూ, "దేన్ని దహనం చేస్తున్నారు అల్లుడుగారూ?" అని అడిగారు.

"మీ చేలో దమ్ముని, నాన్నా" అంది మా ఆవిడ, నాకంటే ముందే.

ఆ ఏడు దమ్ము అరువెడ్లతోనే అయింది. వాటి వెనక మోకాల్లోతు బురదలో నడిచింది నేనే. తెలియని పనికి తెలిసిన పద్ధతి వాడకూడదని అక్కడే నేర్చుకున్నాను. సూరన్న బాబాయి మాత్రం ఈనాటికీ మంట చాల్లేదనే అంటాడు.