చల్లారిన బాయిలర్‌లో చప్పుడు

1981 జనవరిలో నన్ను చికాగో ఉత్తర భాగానికి బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. జీతమిచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీయే అయినా, మా సంతకం లేనిదే ఏ భవనంలోనూ ఆవిరి పుట్టకూడదు. చికాగో జనవరిలో అది చిన్న అధికారం కాదు.

మొదటి వారంలోనే ఒక పాత సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, లోపలి తనిఖీకి వెళ్ళాను. మామూలుగా వేసవిలో చేసే పని. లీకు కనబడిందని చలికాలంలోనే బాయిలర్ ఆపాల్సి వచ్చింది. లోపలి తనిఖీ అంటే అక్షరాలా లోపలే. మంట ఆర్పి, నీళ్ళు వదిలేసి, చల్లారాక మూత విప్పుతారు. ఇన్‌స్పెక్టరు టార్చిలైటు, చిన్న సుత్తి పట్టుకుని దూరతాడు. అప్పట్లో నా నడుము అందుకు ఒప్పుకునేది.

ట్యూబులు చూస్తుండగా టక్, టక్, టక్‌మని మూడు దెబ్బలు వినబడ్డాయి. ఆవిరి పైపులు మోగడం వింతేమీ కాదు. పైపులో నిలిచిన నీటిని ఆవిరి ఢీకొంటే అలాగే మోగుతుంది. వాటర్ హ్యామర్ అంటాం. కాని అందుకు నీళ్ళుండాలి, ఆవిరుండాలి. రెండూ లేని చోట నేనున్నాను.

తల బయటపెట్టి, ఆ మందిరం బాగోగులు చూసే సోల్ గారిని మేడ మీది గదుల్లో ఎవరున్నారని అడిగాను.

"ఎవరూ లేరు," అన్నారాయన.

మళ్ళీ మూడు దెబ్బలు.

"లేరనడానికీ లేదు," అని సవరించుకున్నారు. "మా అన్న."

అన్నగారి పేరు మెండెల్. మనుషుల్లో ఉంటే భక్తి మైలపడుతుందని పై గదిలో తలుపేసుకుని ఆరేళ్ళయిందట. మాటామంతీ లేదు. తమ్ముడు గుమ్మం ముందు కంచం పెడితే ఖాళీ కంచం బయటికొస్తుంది. మనిషి బతికున్నట్టు అదొక్కటే ఆధారం.

"రాత్రి పెట్టిన కంచం ముట్టుకోలేదు," అన్నారు సోల్ మెల్లగా.

"మరి కొడుతున్నదెవరు?"

"నేనూ అదే ఆలోచిస్తున్నా."

ఆయనకు ఇంకో దిగులు కూడా ఉంది. ఆ రోజు వాళ్ళమ్మ తిథి. పొద్దుగూకేలోగా కడిష్ అనే ప్రార్థన చెప్పాలి. ఒంటరిగా చెప్పుకుంటే చెల్లదు. పదిమంది యూదు మగవాళ్ళు కూడాలి. హీటు లేదని కొందరు రాలేదు. ఆయన వెంట బేస్‌మెంట్ మెట్లెక్కి చూస్తే, వచ్చినవాళ్ళు హాల్లో ఓవర్‌కోట్లలో ముడుచుకుని కూర్చున్నారు. మనుషుల్ని లెక్కపెడితే అరిష్టమని వాళ్ళ నమ్మకం. అందుకని సోల్ లెక్కపెట్టకుండా లెక్కపెట్టారు: "ఒకరు కాదు, ఇద్దరు కాదు, ముగ్గురు కాదు..." 'తొమ్మిదిమంది కాదు' దగ్గర ఆగిపోయారు. ఆ చలిలో, ఎదురుగా ఊపిరి తీస్తున్న మనుషుల్ని అలా ఒక్కొక్కరినే కాదంటూ పోతుంటే నా వెన్ను జలదరించింది.

"నన్ను కలుపుకోండి," అన్నాను.

"మీరు మంచివారే ఇన్‌స్పెక్టర్ గారూ, కాని లెక్కలోకి రారు. మా అన్న అంత మంచివాడేం కాదు. వాడు లెక్కలోకొస్తాడు."

ఆవిరితో గదిని వెచ్చబెట్టే రేడియేటర్ ఉన్న ఏ గదినైనా తెరిపించే హక్కు నాకుంది. ఇద్దరం పైకెళ్ళాం. గుమ్మం ముందు కంచం నిండుగా ఉంది. తలుపు తోస్తే, తెల్ల దుప్పటి తలమీంచి కప్పుకుని, మావైపు వీపు పెట్టి ఒక ఆకారం నిలబడి ఉంది. మా అలికిడి విని కూడా తిరగలేదు. చేతిలోని చెంచాతో రేడియేటర్ మీద మూడుసార్లు కొట్టింది.

"హీటు రేపటిదాకా రాదురా," అన్నారు సోల్. "అమ్మ కోసం ఉపవాసమా?"

దుప్పటి కొంచెం ఊగింది, అవునన్నట్టు.

"తిథి నీకూ గుర్తుందన్నమాట. ఒక్కడివే ఏడిస్తే అమ్మకేం ఒరుగుతుంది? కింద తొమ్మిదిమందిమే ఉన్నాం. ఒక్క పది నిమిషాలు రా. ఈలోగా దేవుడొస్తే ఈ ఇన్‌స్పెక్టర్ గారు కూర్చోబెడతారు."

మెండెల్ చెంచా కింద పెట్టారు. గోడ పట్టుకుని, మెట్లు ఎలా దిగాలో మరిచిపోయినవాడిలా దిగారు. హాల్లో ఒక ముసలాయన బెంచీ మీద పక్కకి జరిగి, "తలుపెయ్యి, చలి," అన్నాడు.

నేను మళ్ళీ బాయిలర్‌లోకి దూరాను. సగం ట్యూబులు మిగిలున్నాయి. కాసేపటికి కప్పులోంచో పైపుల్లోంచో గొంతులు దిగాయి. ఇద్దరు చెబుతున్నారు, అందులో ఒక గొంతు తుప్పు పట్టింది. తక్కినవాళ్ళు ఒక్కసారిగా "ఆమేన్" అన్నప్పుడు చల్లారిన ఆ ఇనుప డొక్కంతా నా చుట్టూ గుయ్యిమంది. పని ఆపేసి కదలకుండా ఉండిపోయాను.

మెండెల్ అమ్మ కోసం దిగారో, చలికి దిగారో చెప్పలేను. మర్నాడు ఆవిరి వచ్చాక కూడా పైకి వెళ్ళలేదని, బెంచీ మీద కూర్చుని అందరితో తగువు పెట్టుకుంటున్నాడని సోల్ ఫోన్‌లో ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు చేస్తున్న మనిషి గొంతులా లేదది.

ఆ తర్వాత ఉద్యోగమున్నంత కాలం, బాయిలర్ ఆపించే ముందు భవనంలో ఎవరెవరున్నారని అడగడం మానేశాను. ఎవరు కిందికి రావడం లేదని అడిగేవాణ్ణి.