గీత దాకా నెత్తురు

నా చిన్నప్పుడు కొన్నాళ్లపాటు మా ఊరు ఫరంపేటలో నన్ను నెత్తురు గడ్డ కట్టని పిల్ల అనేవారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మోకాలు దోక్కుపోతే నాలుగు రోజుల్లో పక్కు కట్టే పిల్లని. నేను కబడ్డీ కూతకి వెళితే పక్కూరు మెట్టకూరు పిల్లలు వెనక్కి తగ్గేవారు.

టాన్సిల్స్ తీయించడానికి నన్ను కాకినాడ తీసుకెళ్లారు. ఆపరేషన్‌కి ముందు నెత్తురు ఎంతసేపట్లో గడ్డ కడుతుందో చూడాలని ఒక ల్యాబ్‌కి పంపారు. అక్కడాయన సూదితో లాగిన నెత్తుర్ని గీత ఉన్న చిన్న సీసాలో పోయాలి. సగం లాగాడో లేదో మా మామ్మ ఆయన చెయ్యి పట్టేసుకుంది. "పిల్ల అసలే పుల్లలా ఉంది. ఉన్న కాస్త నెత్తురూ తోడేత్తారేంటండీ? చాలు." మామ్మ నోటికి జడిసి ఆయన దాంతోనే సరిపెట్టాడు.

నా నెత్తురు గడ్డ కట్టడానికి చాలా ఆలస్యమవుతోందని రిపోర్టు వచ్చింది. ఆపరేషన్ ఆగిపోయింది. దాంతోపాటు కబడ్డీ, గోదావరిలో ఈత, చివరికి కత్తిపీట దగ్గర కూర్చోవడం కూడా మానిపించారు. పక్కు కట్టిన మోకాలు చూపించి ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఎవరూ వినలేదు.

విన్నది పక్కింటి అక్క ఒక్కతే. పాండిచ్చేరిలో ల్యాబ్ చదువు ముగించి అప్పుడే ఊరికి వచ్చింది. పక్కు చూసి ఏమీ తేల్చలేనంది. నెత్తురు సీసాలో ఎంతవరకు పోశారని అడిగింది. గీతకి సగమేనని చెప్పాను. మామ్మ ఇంట్లోనే ఉందా అంది అక్క.

ఆ సాయంత్రం అక్క రెండు గ్లాసులతో మజ్జిగ తెచ్చి ఒకటి నాకు, ఒకటి మామ్మకి ఇచ్చింది. నాది కమ్మగా ఉంది. మామ్మ ఒక్క గుక్క తాగి ఉమ్మేసింది. "ఏంటే అమ్మాయ్, ఉప్పుమడిలో నీళ్లు తెచ్చేవా?"

"రెండిట్లోనూ ఒకే చెంచా ఉప్పండి మామ్మగారూ. మీకు మజ్జిగే సగం పోసేను," అంది అక్క. "ఆ సీసాలో కూడా నెత్తురు గడ్డ కట్టకుండా ముందే కొంచెం మందు ఉంటదండి. గీత దాకా పోస్తేనే అది సరిపోద్ది. తక్కువ పోస్తే మందు ఎక్కువైపోయి, మంచి నెత్తురు కూడా కట్టనట్టే కనపడుద్ది. తేడా పిల్లలో ఉందో, సీసాలో ఉందో మళ్లీ చూడాలి కదండీ."

మామ్మ నా గ్లాసు అందుకుని రుచి చూసి తల ఊపింది. మా నాన్న మాత్రం పిల్లని మళ్లీ పొడిపించడం దేనికని గొణిగాడు. నాకు సూదంటే చచ్చేంత భయం. అయినా ఆయన ముందుకెళ్లి చెయ్యి చాపాను. "ఈసారి గీత దాకా తీయించు నాన్నా," అన్నాను.

రెండోసారి ల్యాబ్‌లో మామ్మ చేతులు రెండూ చీరకొంగులో చుట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని కూర్చుంది. ఈసారి నా నెత్తురు మామూలుగానే గడ్డ కడుతోందని రిపోర్టు వచ్చింది. "నా మనవరాలి నెత్తురికేం, నేను ముందే చెప్పేను," అని మామ్మ వీధంతా చెప్పుకొచ్చింది. నేను నవ్వలేదు. ఆపరేషన్ అయి గొంతులో పుండు మానగానే నేరుగా కబడ్డీకి పోయాను.

తరవాత నా మీద తీర్పులు చాలా వచ్చాయి. లెక్కలు రావన్నారు, రొయ్యల చెరువు ఆడదాని వల్ల కాదన్నారు. నన్ను ఎంత చూసి ఆ మాట అంటున్నారని అడిగాను. పొగరని పేరొచ్చింది. ఆ పేరు మాత్రం ఉంచుకున్నాను.

మొన్న నా మోకాలి ఆపరేషన్‌కి ముందు నెత్తురు తీయడానికి ఒక అమ్మాయి వచ్చింది. నరం దొరక్క అవస్థపడింది. ఆ గడ్డ కట్టే పరీక్షకే వాడే నీలం మూత గొట్టం ముప్పావు నిండేసరికి సూది తీసేసి, "సరిపోద్దిలెండి బామ్మగారూ," అంది. ఆ గొట్టం అడిగి తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశాను. నెత్తురు గీతని అందుకోలేదు.

రెండో చెయ్యి చాపాను.

"సరిపోదమ్మా. ఇంకో గొట్టం తెచ్చుకో."