పూతలపట్టులో మేము ఎక్కని బస్సు

షుగరు ఉందని డాక్టరు చెప్పినప్పటినుంచి మా ఇంట్లో ఒక పూట బియ్యం మానేసి కొర్రలు వండుతున్నాను. తిరుపతిలో మా వీధి చివర అంగట్లో ఇప్పుడవి అరకిలో పొట్లాల్లో, పైన ఆరోగ్యం గురించి నాలుగు మాటలు అచ్చేసి, అద్దాల అరలో పెట్టి అమ్ముతున్నారు. ఎసరు మరిగి, గింజ పగిలి, ఎండుగడ్డీ తడిమన్నూ కలిసినట్టుండే ఆ వాసన మూత కిందనుంచి లేచేసరికి నాకు ఆకలి వెయ్యదు, భయం వేస్తుంది. తొమ్మిదేళ్ళ వయసులో పట్టుకున్నది, అరవై దగ్గర పడుతున్నా వదల్లేదు.

వడమాలపేటలో మా ఇంట్లో కొర్రన్నం ఏడాదికి ఒక్కసారే వండేవాళ్ళు, అదీ మనుషులకు కాదు, ఇంటి దేవరకు. తోటల్లో బెంగుళూరా మామిడి ముదిరి, మిద్దెమీద ఆరబోసిన చింతపండు పులుపు ఇల్లంతా కమ్ముకుని, మధ్యాహ్నం పూట కుక్కలు కూడా నీడ వదలని రోజుల్లో, మా నాయన తల్లి, మా అవ్వ, కొత్త కుండకు పసుపు పూసి, ఉప్పు వెయ్యకుండా కొర్రన్నం వండి, వసారా మూలలో గంప కింద ఉండే మూడు రాళ్ళముందర ఆకులో పెట్టేది. ఆ రాళ్ళే మా దేవర. ఆ తర్వాతే మాకు నెయ్యి కారే ఓళిగలూ, అలసంద వడలూ, మామిడికాయ పచ్చిపులుసూ. దేవరకు ఉప్పెందుకు వెయ్యరని అడిగితే, "నడిసొచ్చేటప్పుడు వాళ్ళకాడ ఉప్పు యాడుండాది మే" అనేది.

ఎప్పుడో కరువులో ఇద్దరు మగవాళ్ళు దేవరను గంపలో పెట్టుకుని, ఒకరి తలమీదినుంచి ఒకరి తలమీదికి మార్చుకుంటూ, పడమటినుంచి కొండలు దిగి, పూతలపట్టు మీదుగా చంద్రగిరి చేరినారట. అక్కడ కోట కింద కూలికి ఉండి, వానలు పడినాక ఒకడు మా ఊరికి వచ్చి నిలబడినాడు, రెండోవాడు ఏమైనాడో అవ్వకు తెలియదు. పిల్లలం మేము ఆ ఆటే ఆడేవాళ్ళం. పాత గంపలో గులకరాళ్ళు వేసి, బావికాడినుంచి దొడ్డివాకిలి దాకా తలలు మార్చుకుంటూ మోసి, కింద పడేసినవాళ్ళు ఉప్పులేని కూడు తినాలని పందెం వేసుకునేవాళ్ళం.

కొత్త మనిషి ఎవరు మా గడప ఎక్కినా అవ్వ చెంబుతో మజ్జిగ ఇచ్చి, మీ ఇంటిపేరేంది, మీ దేవర యాడుండాది, మీ పెద్దోళ్ళు యాడినించి దిగినారు అని అడిగేది. చెంబు ఖాళీ అయ్యేలోపల ఆ మనిషి మాకు మామో, అన్నో, తాతో అయిపోయేవాడు. ధాన్యం కొనడానికి వచ్చినవాళ్ళు కూడా వరస కలుపుకోకుండా పోయిందిలేదు.

మా నాయన చెల్లెలు కమలత్తకు అప్పుడు ఇరవై ఏళ్ళు. నాకు రోజూ జడ వేసేది ఆమే. పూతలపట్టులో బెల్లం వ్యాపారం చేసేవాళ్ళ కొడుకు మునిరత్నం అనే ఆయన చూడడానికి వచ్చి, కాఫీ లోటా అందుకుంటూ ఏదో అంటే, తలుపు చాటున ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను. తాంబూలాలు అయిపోయినాయి. ఆ తర్వాత నెలరోజులు ఆమె నాకు జడ వేసేటప్పుడు మధ్యలో చేతులు ఆపి ఎటో చూస్తూ ఉండిపోయేది.

పెళ్ళికి ఇరవై రోజులు ఉందనగా మునిరత్నం తల్లి రవికల కొలతకోసం మా ఇంటికి వచ్చింది. భోజనాలు అయినాక ఆకులు వేసుకుంటూ, మాటలో మాటగా, "మా దేవరకు ఉప్పులేని కొర్రన్నమే వొదినా. మా పెద్దోళ్ళు కరువులో గంపలో పెట్టుకోని నడిసొచ్చినారంట" అంది. తమలపాకుకు సున్నం పూస్తున్న అవ్వ వేలు అక్కడే ఆగిపోయింది.

రెండు ఇళ్ళకూ ఇంటిపేర్లు వేరే. కానీ ఊరు మారితే ఇంటిపేరు మారడం మా వైపు కొత్త కాదు. గంప మోసిన ఆ ఇద్దరూ అన్నదమ్ములైతే రెండు ఇళ్ళూ ఒకటే, మునిరత్నం కమలత్తకు అన్న అవుతాడు, పెళ్ళి మాట ఎత్తడమే పాపం. బావా బావమరుదులైతే అంతకంటే మంచి సంబంధం ఉండదు. ఆ సాయంత్రం దొడ్లో అవ్వా నాయనా గుసగుసగా మాట్లాడుకోవడం, నీళ్ళతొట్టి వెనక దాక్కున్న నేను విన్నాను. నాయన, "నేను పోతే ఊరంతా తెలుస్తాది. నువ్వే కనుక్కోని రామ్మా. పాపను తోడు పిల్చుకోని పో" అన్నాడు. కమలత్తకు మాత్రం బంధువులకు మామిడికాయలు ఇచ్చి వస్తామని చెప్పినారు.

చంద్రగిరిలో కోటకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో, పాత సంగతులన్నీ తెలిసిన, అవ్వకు మామ వరసయ్యే తాత అరుగుమీద కూచుని ఉన్నాడు. కళ్ళు కనబడవు. ఒక్కొక్క మామిడికాయనూ చేత్తో తడిమి, వాసన చూసి, పక్కన పెట్టుకున్నాడు. అవ్వ అడిగింది విని, "ఇద్దురు వచ్చింది నిజిం. రెండోవోడు మళ్ళా పూతలపట్టు దిక్కే పోయినాడు. ఆళ్ళు అన్నదమ్ములో, బావా బావమరుదులో నాకు తెలీదమ్మా. పూతలపట్టు దాటినాంక కొండపక్కన మనోళ్ళ పల్లె ఒకటుండాది, ఆడ పెద్దామెకు తెలుసు. పొయ్యి అడుగు" అన్నాడు.

పూతలపట్టు కూడలిలో దిగేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. పెళ్ళివాళ్ళు ఎవరైనా చూస్తారని అవ్వ ముసుగు కళ్ళదాకా లాక్కుంది. తాటిముంజలు కొని, దారివైపే చూస్తూ నాకు ఒలిచి ఇస్తుంటే నీళ్ళన్నీ నా గౌనుమీద పడినాయి. పడమటి పల్లెలకు పోయే బస్సు వచ్చి మా ముందరే ఆగింది. అవ్వ లేచి, మెట్టుదాకా పోయి, కమ్మీ పట్టుకుంది. "ఎక్కుతావా అవ్వా?" అన్నాడు కండక్టరు. ఆమె లోపలి జనాన్ని చూసింది, నన్ను చూసింది, చెయ్యి తీసేసింది. "వొద్దులేప్పా. ఇంగో దినం పోతాం."

తిరుగు బస్సులో పాకాల దాటేదాకా ఆమె ఖాళీ అయిన మామిడికాయల సంచిని మడుస్తూ, విప్పుతూ కూచుంది. నేను అది చూడలేకపోయినాను. "నాయన అడిగితే బావా బావమరుదులంట అని సెప్తా అవ్వా" అన్నాను. ఆమె అవుననలేదు, కాదనలేదు. నా తలను ఒళ్ళోకి లాక్కుని, ఇంటిదాకా దానిమీద చెయ్యి తియ్యలేదు. ఇంటికాడ నాయన అడిగింది కూడా నన్నే. నేను అన్నట్టే చెప్పినాను. నాయన కండువాతో మొహం తుడుచుకుని, ఆ సాయంత్రమే పందిరికి మనుషుల్ని మాట్లాడడానికి పోయినాడు.

పెళ్ళి బాగా జరిగింది. భయం నాకు ఆ తర్వాత మొదలైంది. కమలత్త మొదటి బిడ్డకు జ్వరం వచ్చి చిత్తూరు ఆసుపత్రిలో పెట్టినారని తెలిసిన రోజు, దేవర నన్నే వెతుకుతున్నట్టు అనిపించి, పదిరోజులు సంగటీ పులుసూ ఉప్పు లేకుండా తిన్నాను. తినేముందు ఉప్పు పోవాలని కంచంలోని కూడును నీళ్ళు పోసి కడుక్కుంటుంటే అమ్మ పట్టుకుని కొట్టింది గానీ, ఎందుకు కడుగుతున్నానో చెప్పలేదు నేను. బిడ్డ కోలుకున్నాడు. తర్వాత ముగ్గురు పుట్టినారు. ప్రతిసారీ కబురు తెచ్చినవాళ్ళ మొహం చూడకుండా వంటింట్లో దూరేదాన్ని. అవ్వ పోయేదాకా ఆ బస్సు ఊసు మా ఇద్దరిమధ్య రాలేదు.

పోయిన చలికాలం, కమలత్త పెద్దకొడుకు కూతురు హారిక, బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్ల, పెద్ద కాగితమొకటి చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. రెండు వైపుల వంశాలూ ఏ దారిన వచ్చి ఎక్కడ కలిసినాయో గీస్తోందట. "పెద్దమ్మా, పూతలపట్టు దాటినాక మనవాళ్ళ పల్లె ఏదో ఉందంట కదా. రేపు పోయి అడుగుదాం" అంది. నేను పొయ్యి ఆపి గరిటె పక్కన పెట్టినాను. ఆ పిల్లకంటే ముందు నేను కమలత్తకు చెప్పాలి అనుకున్నాను.

మరుసటి రోజు పూతలపట్టులో కమలత్త వాకిట్లో కూచుని, నానబెట్టిన అనపగింజల్ని పితికి పప్పు గిన్నెలో వేస్తోంది. డెబ్బై దాటినా వేళ్ళు చురుకే. మునిరత్నం మామ పోయి నాలుగేళ్ళు. హారికను తోటలోకి పంపించి, చంద్రగిరి తాతా, బస్సూ, నేను చెప్పిన అబద్ధమూ, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసినాను. ఆమె పితకడం ఆపలేదు.

"మీరు ఎక్కలేదు గానీ ఆ బస్సు మీ మామ ఎక్కినాడు" అంది. "మనింట్లో గంప కింద దేవరను సూసొచ్చి ఆళ్ళమ్మ సెప్తే అనుమానమొచ్చి, పెండ్లికి పది దినాల ముందర పొయ్యొచ్చినాడు."

"ఏమన్నారంట?"

"అన్నదమ్ములే."

ఆమె నింపాదిగా చెప్పుకుంటూ పోయింది. "గాజులేసుకునేదానికి పుత్తూరికి పోతే అంగడికాడికొచ్చి సెప్పినాడు. నువ్వు వొద్దంటే ఏదో ఒక సాకు సెప్పి నేనే తప్పుకుంటా, నీ మీదికి మాట రానీను అన్న్యాడు. ఎన్ని తరాలని అడిగినా. ఏడో ఎనిమిదో అన్న్యాడు. అయితే ఎర్రగాజులు ఏసుకోవాల్నా పచ్చవి ఏసుకోవాల్నా అని అడిగినా. అమ్మకు సెప్పలా. సెప్తే బతికినన్ని దినాలూ బయపడతాదని."

"నీకు భయం కాలేదా అత్తా?"

"కాలేదని యాడ సెప్తి? నాలుగు కాన్పులకూ బిడ్డను సేతికిస్తానే కాళ్ళూ యేళ్ళూ సెవులూ తడిమి సూసుకున్న్యా." అప్పుడు ఆగింది ఆమె చెయ్యి. "తొమ్మిదేళ్ళ బిడ్డివి, నువ్వు గూడా బయపడతా ఉండావా మే? ఒక్క మాట సెప్పుంటే ఇద్దరం కలిసి బయపడుందుము గదా."

హారికకు ఏం చెప్పమంటావని అడిగితే, "ఉండేది ఉండేట్లు రాయమను. నేను బతికుండంగానే రాయమను" అంది. తోటనుంచి వచ్చినాక ఆ పిల్ల విని, ఇంతేనా అవ్వా అని నవ్వి, రెండు వంశాల పైన ఒక గీత కలిపి, నా దిక్కు తిరిగి, "అయితే నిన్ను ఇప్పుడు పెద్దమ్మా అనాల్నా, అత్తా అనాల్నా?" అంది. కమలత్త కూడా నవ్వింది.

కొండపక్క పల్లెకు పోతే మావాళ్ళ ఇల్లు ఒక్కటీ లేదు. అందరూ ఎప్పుడో చిత్తూరుకూ వేలూరుకూ పోయినారని చెప్పినారు. తిరిగి వచ్చేటప్పుడు, తాత కూచున్న ఇంటి ఫోటో కావాలని హారిక కారును చంద్రగిరిలోకి తిప్పించింది. ఆ వీధి రెండుసార్లు తిరిగినాము. అరుగులన్నీ కొట్టేసి మెట్లు కట్టినారు, పెంకుటిళ్ళ చోట మూడంతస్తుల మేడలు, కింద ఫోన్ల అంగళ్ళు. ఎవరిని అడిగినా తాత పేరు తెలియదన్నారు. చివరికి ఒక పాత తలుపు ముందర, చుట్టూ సున్నం రాలిన గోడ కనబడితే నిలబడిపోయినాను.

"ఇదేనా?" అంది హారిక, ఫోన్ ఎత్తి పట్టుకుని.

"ఇదే" అన్నాను.

ఆమె ఫోటో తీసుకుంది. కాదని చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఒక్కరూ లేరు.