ఒంటి చేతి పనిముట్టు

మా ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ సగం బ్లేడు ఉండేది. గడ్డం గీసుకునే బ్లేడును నిలువునా రెండుగా విరిచి, ఒక సగాన్ని అట్టముక్కలో మడిచి జేబులో వేసుకునేవాడు. ఆయన ఒక్కడే కాదు, గుజరాత్‌లో సచిన్ అనే ఊళ్లో ఆయన పనిచేసే సాంచాల షెడ్డులో కారీగర్లందరిదీ, అంటే పనివాళ్లందరిదీ, అదే అలవాటు. సాంచ అంటే మరమగ్గం. నడుస్తున్న సాంచ మీద పోగు తెగితే వెంటనే చివర కోసి, ముడి వేసి, మళ్లీ నడిపించాలి. షెడ్డులో చిన్న కత్తెరలు ఇస్తారు కానీ వారం తిరక్కుండానే మాయమవుతాయి. జేబులో బ్లేడును మాత్రం ఎవరూ ఎత్తుకుపోరు.

పెళ్లయిన కొత్తలోనే, ఉతికే ముందు జేబులు తడమడం నేర్చుకున్నాను. పాప పుట్టాక ఒక్కో జేబును రెండుసార్లు తడిమేదాన్ని. నా తీరే అంత. గ్యాస్ కట్టేశానా లేదా అని మెట్ల దాకా వెళ్లి వెనక్కి వస్తాను. పాప నిద్రలో మరీ కదలకుండా ఉంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, ఆమె లేచి ఏడిస్తే గానీ నా ప్రాణం కుదుటపడదు.

అలాంటి నేను ఒక రోజు జేబు తడమలేదు. బకెట్ పొర్లుతోందని కొళాయి కట్టడానికి లేచాను, అంతే. తిరిగి చూసేసరికి పద్నాలుగు నెలల నా కూతురు విడిచిన బట్టల కుప్ప మధ్య కూర్చుని, రెండు వేళ్ల సందున ఏదో పట్టుకుని నా వైపు చెయ్యి చాపి ఉంది. అప్పట్లో దొరికిన ప్రతిదీ తెచ్చి నాకు ఇచ్చేది. ఉల్లిపొట్టు, చీపురుపుల్ల, ఒకసారి చచ్చిన ఈగ. ఆ రోజు మెరిసేది దొరికింది.

నేను అరవలేదు. అరిస్తే పిడికిలి బిగిస్తుంది. మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, నవ్వు తెచ్చుకుని, అరచేయి చాపాను. ఆమె బ్లేడును నా చేతిలో పెట్టి చప్పట్లు కొట్టింది. ఒక్క గీత కూడా పడలేదు. ఆమె వేళ్లను వాకిట్లో వెలుతురుకు పట్టి ఒక్కొక్కటే చూశాను, పదీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి చూశాను.

సాయంత్రం ఆయన వచ్చాక చెప్పాను.

"ఏం గాలేదు గదా," అన్నాడు. అన్నాక నా ముఖం చూసి, కంచంలోంచి చెయ్యి తీశాడు. "సరే. రేపటి సంది ఆడ్నే ఇడిసిపెట్టి వస్త."

మూడు రోజులు విడిచిపెట్టి వచ్చాడు. నాలుగో రోజు జేబులో మళ్లీ అట్టముక్క తగిలింది.

"ఏందిది?"

"మర్చిపోయిన. చెయ్యి దానంతట అదే జేబుల ఏసుకుంటది. పదేండ్ల అలవాటు."

మా అత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చుని మెంతికూర తుంచుతోంది. తల ఎత్తకుండానే అంది. "మీ మామ నోట్ల పెట్టుకునేటోడు బిడ్డా బ్లేడు. పెదాల నడుమ. మాట్లాడుమంటె మాట్లాడకపోతుండె. వీడు జేబుల పెడ్తుండు, జర నయమే."

నాకు నయమనిపించలేదు. అయితే ఒకటి తెలిసింది. మాటలతో ఈ అలవాటు పోదు. ఆ చేతికి బ్లేడు కన్నా బాగా పనికొచ్చేది ఏదో దొరకాలి. అది నా కూతురికి దొరికినా ఏమీ కాకూడదు. ఆయన దువ్వెన మరిచిపోతాడు, టిఫిన్ డబ్బా మరిచిపోతాడు, బైకు తాళం మాత్రం మరిచిపోడు. కాబట్టి ఆ వస్తువు తాళాల గుత్తికి వేలాడాలి, జేబులో పట్టాలి. అలాంటిది బజారులో ఉందేమోనని వెతికాను. మేకులు పీకేవి, సీసా మూతలు తీసేవి, గోళ్లు కత్తిరించేవి ఉన్నాయి. సాంచ నడిపేవాడి కోసం ఎవరూ ఏమీ చేయలేదు.

నేను చదివింది బీకాం. డ్రాయింగ్ రాదు. అయినా ఆదివారం ఆయన్ని కిటికీ ముందు నిలబెట్టాను. "నీ చెయ్యి ఏమేం చేస్తదో మొత్తం చూపియ్యి."

ఆయన నవ్వుకుంటూనే కిటికీ ఊచలకు పాలిస్టర్ దారాలు కట్టి చూపించాడు. మూడు పనులు తేలాయి. తెగిన చివర కోయడం. ఆ పోగును పన్నెలోంచి లాగడం, పన్నె అంటే దువ్వెన పళ్లలాంటి ఇనుప సందుల చట్రం, దానికి సన్నని కొక్కెం కావాలి. ఇక సాంచకు ఎప్పుడూ వదులయ్యే ఒక బోల్టు, దానికి పది నంబరు పానా. మూడూ కలిసి నా చూపుడువేలంత పొడవులో ఇమడాలి.

పాప పడుకున్న మధ్యాహ్నాల్లో నూలు పెట్టెల అట్ట మీద గీసి, కత్తిరించి, పారేసి, మళ్లీ గీశాను. చివరికి ఒకటి కుదిరింది. రెండు రేకుల మధ్య బ్లేడు మడిచి ఉంటుంది. ఒక చేత్తో కింది మీటను నొక్కిపట్టి, రెండో చేత్తో తిప్పితేనే బయటికి వస్తుంది. పిల్లలు తెరవలేరు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అట్టముక్కలు పట్టుకుని, పాపను చంకనేసుకుని, సచిన్‌లో లేజర్‌తో రేకులు కోసే దుకాణానికి వెళ్లాను. యజమాని గుజరాతీ పెద్దమనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, నన్ను బేన్, అంటే చెల్లీ అని పిలుస్తూ హిందీలో అడిగాడు.

"ఎన్ని పీసులు బేన్?"

"ఒకటి కాకా."

"ఒక్క పీసుకు మెషిన్ నడపాలా? ఇదేమన్నా దర్జీ కొట్టా, ఒక జాకెట్టు కుట్టి ఇవ్వడానికి?"

ఎందుకో చెప్పాను. జేబు, బట్టల కుప్ప, పాప చాపిన చెయ్యి. ఆయన కళ్లజోడు కిందికి దించి పాపను చూశాడు. పాప అప్పటికే ఆయన కొలత టేపును సగం బయటికి లాగేసింది. ఆయన లేచి తుక్కు కుప్పలోంచి ఒక స్టీలు రేకు ముక్క ఏరుకొచ్చాడు. "గీసి పెట్టు. సాయంత్రం చిన్న పని ఒకటుంది, దాని పక్కన కోసేస్తా."

మా ఆయన దాన్ని తాళాలకు తగిలించుకుని వెళ్లాడు. వచ్చాక అడిగితే మంచిగున్నదన్నాడు. మరుసటి రోజూ మంచిగున్నదన్నాడు. మూడో రోజు బట్టలు నానబెట్టబోతే జేబులో సగం బ్లేడు.

నాకు ఏడుపు వచ్చింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. "మంచిగున్నదంటివి గదా! అబద్ధమెందుకు చెప్పినవ్?"

"నువ్వు గంత కష్టపడి చేస్తివి, ఎట్ల చెప్పాలె?" ఆయన తాళాల గుత్తి తీసి నేల మీద పెట్టాడు. "జర ఇను. పోగు తెగినప్పుడు దాని చివర నా ఎడమ చేతిల ఉంటది. ఇడిసిపెడ్తే వేల పోగులల్ల కల్సిపోతది, మళ్ల ఎతుక్కోవాలె. నాకు ఉండేది ఒక్కటే చెయ్యి. నీది తెరవాలంటె రెండు కావాలె."

"మరి ఇన్ని రోజులు ఎట్ల తెరిచినవ్?"

చూపు గుత్తి మీదికి దించాడు. "పండ్లతోని."

అత్తమ్మ పడీపడీ నవ్వింది. "అయ్యకు తగ్గ కొడుకు! తిరిగి తిరిగి నోట్లెకే వచ్చె!"

నాకు మాత్రం నవ్వు రాలేదు. కూతురి వేళ్లను కాపాడబోయి భర్త నోట్లో బ్లేడు పెట్టించాను.

రెండు రోజులు ఆ వస్తువు అలమార మీదే ఉంది. మూడో రోజు పాపకు జ్వరం తగిలి నా చంక దిగలేదు. ఆమెను ఎడమ నడుము మీద ఎత్తుకునే పాలు కాచాను, తలుపు గడియ తీశాను, సిరప్ మూత విప్పాను, కూర కలిపాను, ఫోన్లో డాక్టరుతో మాట్లాడాను. మధ్యాహ్నానికి చటుక్కున తట్టింది. ఏడాదికి పైగా నేను బతుకుతున్నది ఒక్క చేత్తోనే. ఎడమ చేతిలో వదలకూడనిది ఒకటి ఉంటుంది, లోకంలోని పనులన్నీ కుడిచేయి చేయాలి. సాంచ ముందు ఆయనకు పోగు ఎలాగో నాకు పాప అలాగ. ఇది నాకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ నేను గీసింది ఎప్పుడు? పాప పడుకున్నాక, రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు.

జ్వరం తగ్గాక రెండో దాన్ని మొదలుపెట్టాను. ఈసారి నియమం ఒకటే. పాప చంకలో ఉన్నప్పుడే చేయాలి. అట్ట నమూనాను కుడి చేత్తో మాత్రమే తీయాలి, పట్టాలి, వాడాలి. అలా చేసి చూస్తే తెరిచేవన్నీ, మడిచేవన్నీ ఒక్కొక్కటే పోయాయి. చివరికి మిగిలింది అసలు తెరవక్కర్లేనిది. ఒక పలక. దాని అంచున లోపలికి సన్నబడుతూ పోయే ఒక చీలిక. బ్లేడు ఆ చీలిక అడుగున, రెండు రేకుల మధ్య, ఎప్పటికీ బయటికి రాకుండా ఉంటుంది. దారం లోపలికి జారితే తెగుతుంది. వేలు లోపలికి పోదు.

ఎవరి వేలు? అదే కొలత. అట్టముక్కకు రకరకాల వెడల్పుల్లో చీలికలు కోసి, పాప చిటికెన వేలిని ఒక్కొక్క దానిలో పెట్టించాను. ఆమెకు అదొక ఆట. దూరితే కిలకిలా నవ్వేది, దూరకపోతే ముఖం ముడుచుకునేది. ఆమె గట్టిగా ముఖం ముడుచుకున్న చీలికను తీసుకుని, దాన్ని కూడా సగం చేశాను. ఒక చివర కొక్కెం, నడుమ పానా రంధ్రం, రెండో చివర వేలికి తగిలించుకునే ఉంగరం.

దుకాణం కాకా ఈసారి ఎన్ని పీసులని అడగలేదు. నేను అట్ట తీయకముందే పాపకు టేపు ఇచ్చాడు.

ఇంటికి తెచ్చాక అత్తమ్మ దాన్ని తీసుకుని తన చీర కొంగు మీద అటూ ఇటూ రాసింది. రెండు చోట్ల దారం లేచింది. "నా కొంగుకే పడ్తున్నది. సాంచ మీది బట్ట ఆగుతదా? మూలలు అరగదియ్యిండ్రి." ఆయన గరుకు కాగితంతో గంటసేపు రుద్దాడు, అత్తమ్మ కొంగుతో పరీక్షిస్తూ పోయింది. నాలుగోసారి కొంగు నీళ్లలా జారింది.

"పో, ఇగ తీస్కపో," అంది.

ఆయన మంచిగున్నదంటే నేనిక నమ్మే స్థితిలో లేను. మర్నాడు భోజనం వేళకు టిఫిన్ డబ్బా ఇచ్చే నెపంతో పాపను ఎత్తుకుని షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల సాంచాల హోరుకు నేల అదురుతోంది, పాప నా మెడను రెండు చేతులా పట్టేసింది. ఆయన నన్ను చూడలేదు. చూస్తుండగానే ఒక సాంచ ఆగింది. ఆయన వంగాడు, ఎడమ చేత్తో తెగిన పోగు పట్టుకున్నాడు. కుడిచేయి జేబు వైపు వెళ్లింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆ చెయ్యి జేబు దగ్గర ఆగలేదు, కిందికి జారి నడుముకు వేలాడే గుత్తిని అందుకుంది. ఉంగరంలో వేలు దూరింది, చివర తెగింది, కొక్కెం పన్నెలోంచి పోగును లాగింది, ముడి పడింది. సాంచ నడిచింది. ఇదంతా నేను బిగబట్టిన ఆ ఒక్క ఊపిరిలోనే.

"నడిచిందమ్మా!" అని పాప చెవిలో అరిచాను. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు.

భోజనానికి బయటికి వచ్చిన కారీగర్లు నలుగురు గుత్తిని చేతులు మార్చుకుంటూ చూశారు. వాళ్లలో ఆయన పక్క సాంచల కారీగర్, ఎప్పుడూ నవ్వించే మనిషి, పెదవి విరిచాడు.

"అన్నీ పెట్టినవ్ వదినె, సీసా మూత తీసేది మాత్రం మర్చిపోయినవ్."

"మందు బందున్న గుజరాత్‌ల నీకు సీస యాడ దొరికిందే?"

"సోడా సీస వదినె! నిమ్మకాయ సోడా!"

అందరూ గొల్లుమన్నారు. నవ్వు ఆగాక అతనే అన్నాడు. "నాకొకటి చేయిస్తవా? మా ఇంట్ల గూడ పాకే పోరగాడు ఉన్నడు."

చేయిస్తాను గానీ ఒక షరతు అన్నాను. జేబులోని బ్లేడు నా చేతిలో పెట్టినవాళ్లకే. అతను జేబులోంచి అట్టముక్క తీసి విప్పి, అందులోని బ్లేడును కొంచెం సిగ్గుపడుతూ నేను చాపిన టిఫిన్ మూతలో వేశాడు. ఆ వెనకే ఇంకో మూడు పడ్డాయి. మూత నిండా మెరుపు. దాన్ని పాపకు అందనంత ఎత్తుగా పట్టుకుని మేముండే ఉన్ అనే పేట దాకా ఆటోలో వచ్చాను, పోగొట్టుకోకూడని కప్పేదో గెలుచుకున్నట్టు.

ఇప్పటికి ఆ షెడ్డులో పదకొండు మంది నడుములకు నేను గీసిన పలక వేలాడుతోంది. లేజర్ కాకా తన తాళాలకూ ఒకటి తగిలించుకున్నాడు, ఆయనకు కోయాల్సిన దారమేమీ లేకపోయినా.

పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. గ్యాస్ ఇప్పటికీ రెండుసార్లు చూస్తాను, అది పోయేలా లేదు. జేబులు మాత్రం ఒక్కసారే తడుముతాను.

ఇవాళ పొద్దున బకెట్ నిండుతుంటే కొళాయి కట్టి వెనక్కి తిరిగాను. పాప విడిచిన బట్టల కుప్ప మధ్య కూర్చుని, నాన్న తాళాల గుత్తి దొరకబుచ్చుకుని, చీలికలోకి చిటికెన వేలు దూర్చాలని చూస్తోంది. దూరలేదు. ముఖం ముడుచుకుంది. విసుగొచ్చి, ఇక నువ్వే తీసుకో అన్నట్టు నా వైపు చాపింది. నేను నిలబడ్డ చోటి నుంచే మామూలుగా నడిచి వెళ్లి, గుత్తి అందుకుని, ఆమెను ఎడమ చంకనేసుకున్నాను. ఆమె గౌను అంచున ఒక దారం ఊడి వేలాడుతోంది. కుడిచేత్తో కోసేశాను.