మా మామ పోయిన ఇల్లు

కిరాయి ఇంట్లో చావకూడదు. మా దగ్గర ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. చావు జరిగిన ఇంటికి ఇంకెవరూ కిరాయికి రారని ఓనర్ల భయం. అందుకే, "ఇక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి" అని ఆస్పత్రి వాళ్లు మా మామను పంపించేసిన రోజు, చిట్కుల్‌లో మేముండే గది ముందు ఓనరమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది.

"తప్పుగ అనుకోకు బిడ్డా. పానం పొయ్యేటట్టున్నది. నా ఇంట్ల దించకు. యాడికన్న తీస్కపో."

"యాడికి తీస్కపోవాలె పెద్దమ్మా? నువ్వే చెప్పు."

కొంగుతో కళ్లు తుడుచుకుంది కానీ గేటు వదల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అయితే ఆ మంట ఆమె మీద ఎంతోసేపు నిలవలేదు. అసలు ఆ గేటు ముందు మేం ఎందుకు నిలబడాల్సి వచ్చింది?

పటాన్‌చెరు రోడ్డు పక్కన మాకూ ఒక ఇల్లుండేది. రోడ్డు వెడల్పు చేస్తామని సర్కారు దాన్ని కూలగొట్టింది. బదులు ఇల్లిస్తామంది. ఇచ్చింది కూడా! ఊరి బయట కట్టిన బిల్డింగుల్లో కింది అంతస్తు ఇల్లు లాటరీలో మాకొచ్చింది. దండలేశారు, ఫొటోలు దిగారు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. నీళ్ల లైను రాలేదన్నారు, కరెంటు రాలేదన్నారు, తర్వాత ఎలక్షన్లన్నారు. మందుల కంపెనీలో ప్యాకింగు షిఫ్టు చేసి, అట్నుంచి అటే హౌసింగు ఆఫీసుకు తిరిగీ తిరిగీ నా చెప్పులరిగాయి. కంపెనీ బస్సులోంచి రోజూ ఆ బిల్డింగులు కనిపించేవి. పావురాలు దర్జాగా కాపురం పెట్టాయి. వాటినెవరూ కాగితాలు అడగలేదు.

ఆటోలో మామ తల నా భర్త ఒళ్లో ఉంది. "ఎటు పోనియ్యాలె అక్కా?" అన్నాడు డ్రైవర్.

"మా ఇంటికే," అని ఆ బిల్డింగుల వైపు చెయ్యి చూపించాను.

"పిచ్చి లేసిందా నీకు? కేసైతది," అన్నాడు నా భర్త.

"కానియ్. మీ నాయిన రోడ్డు మీద సావాల్నా?"

ఆయన అటే పొమ్మని డ్రైవర్‌కు సైగ చేశాడు.

బండరాయితో కొడితే తాళం ఇట్టే ఊడిపోయింది. సర్కారు తాళం కదా! పావురాల రెట్టలు ఊడ్చి, చాప వేసి మామను పడుకోబెట్టాం. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి పైకప్పు చూశాడు.

"ఎవలిల్లు బిడ్డా?"

"మనదే మామా."

"కిరాయెంత?"

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "కిరాయి లేదు మామా, పండుకో," అన్నాను. మర్నాడు పొద్దున ఆయన ఆ ఇంట్లోనే పోయాడు.

దహనం అయిన మర్నాడే హౌసింగు ఆఫీసరు ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. మామ ప్రాణం పోయిన చోట దీపం వెలుగుతోంది. దినాలయ్యేదాకా అది ఆరకూడదు. కానిస్టేబుల్ దాన్ని చూసి చెప్పులు విడిచాడు, గడప మాత్రం దాటలేదు.

"తాళం పగలగొట్టుడు నేరమమ్మా," అన్నాడు ఆఫీసరు. "దినాలైనంక ఖాళీ చెయ్యాలె. ఈ ఇల్లు వేరేటోళ్లకు ఇస్తం."

"ఎవలికిస్తరు సార్? సావైన ఇల్లు ఎవలు తీస్కుంటరు? మీరుంటరా?"

ఆయన దీపం వైపు చూశాడు, ఫోన్ చూసుకున్నాడు, వెళ్లిపోయాడు. మమ్మల్ని గేటు బయట నిలబెట్టిన భయమే ఇప్పుడు మా గుమ్మానికి కాపలా కాసింది. అంత తృప్తి నా జన్మలో ఎప్పుడూ కలగలేదు.

దినాలనాడు చుట్టాలతో పాటు, మాలాగే లాటరీలో ఇల్లొచ్చి తాళంచెవి రాని వాళ్లంతా వచ్చారు. భోజనాలయ్యాక ఒక ముసలామె తనకొచ్చిన ఎదురింటి ముందు నిలబడి, తాళాన్ని చేత్తో ఊపి చూసింది.

"మాకియ్యాల్నంటె మా ఇంట్ల గూడ ఎవలన్న సావాల్నా బిడ్డా?" అంది.

"అక్కర్లేదవ్వా," అన్నాను.

బండరాయి ఇంకా మా గుమ్మం పక్కనే ఉంది. తీసి ఆమె చేతికిచ్చాను.